జబ్బు దొరక్కుండా వైద్యం చేయించుకునే 6 చిట్కాలు

గుండెల్లో బరువు, తెల్లారుజామున మూడింటికే మెలకువ, కూడు ముందు కూర్చుంటే వెగటు. మూడు నెలలుగా ఇదే వరసా? శుభం. శనగ పంటకు తెచ్చిన అప్పు సంగతి బయటికి పొక్కకుండా ఈ జబ్బును పదేళ్ళు లాగొచ్చు. కోయిలకుంట్లలో ఉండేవాళ్ళకు అన్ని వసతులూ దగ్గరే.

1. దేనికైనా 'గ్యాస్' అనండి. ఆ మాట అన్నాక ఎవరూ రెండో ప్రశ్న వేయరు. నిజంగా గుండెపోటే వచ్చినా ఆ మాట మీదే నిలబడండి. ఈసీజీ జోలికి పోవద్దు, ఐదు నిమిషాల్లో గుట్టు రట్టవుతుంది. సోడా తాగి పడుకోండి.

2. ఆర్‌ఎంపీ దగ్గరికి పోయి, "నీరసం సార్, ఒక బాటిల్ ఎక్కించండి" అనండి. అర లీటరు సెలైన్‌లో ఉండేది నాలుగున్నర గ్రాముల ఉప్పు. అదే ఉప్పు మజ్జిగలో వేసుకుంటే ఎవరు పలకరిస్తారు? కిటికీ మేకుకు బాటిల్ వేలాడుతుంటే వీధి వీధంతా వచ్చి చూసిపోతుంది.

3. ఫైలు పెంచండి. నంద్యాలలో అన్నీ నార్మల్ అంటే కర్నూలు పోండి. పాత రిపోర్టులు చూపించకుండా మళ్ళీ తీయించండి. ఏ స్కానింగులోనూ అప్పు కనపడదు, భయం లేదు.

4. "నిద్ర పడుతోందా? మనసులో ఏమన్నా దిగులుందా?" అని అడిగే డాక్టరుతో జాగ్రత్త. గడిచిన రెండు వారాల గురించి తొమ్మిది ప్రశ్నలుండే పీహెచ్‌క్యూ-9 కాగితం చేతికిస్తారు. అన్నిటికీ 'లేదు' కొట్టండి. పక్కన బావమరిదిని కూర్చోబెట్టుకోండి, నోటికి అంతకు మించిన తాళం లేదు. అయినా వదలకపోతే, "నాకేమన్నా పిచ్చా?" అని లేచి వచ్చేయండి.

5. దిగులుకు మందు రాస్తే మూడో రోజే ఆపేయండి. గుణం కనపడటానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుందట, అంత తీరిక ఎవరికుంది? మిగిలిన మాత్రలు ఫ్రిజ్ మీద పెట్టండి. 2022 అక్టోబరు 10న మొదలైన మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబరు 14416 ఫోనులో దాచుకోవద్దు. పైసా తీసుకోరు, పగలూ రాత్రీ తెలుగులోనే మాట్లాడతారు. మూడింటికి మెలకువ వచ్చినప్పుడు వేలు జారితే అంతా చెప్పేసుకుంటారు.

6. ఇంట్లో ఆమె "ఏమైంది, సరిగ్గా తినడం లేదే?" అంటే, "గ్యాస్" అనండి. ఆమె కూడా కొన్నాళ్ళుగా తలకు గుడ్డ బిగించి కట్టుకుని తిరుగుతోంది. అడక్కండి. అడిగినా ఆమె చెప్పేది ఒకటే: "ఏం లేదులే, గ్యాస్."