గౌరవ వాయిదా

మా మేనకోడలు ఎమ్మెస్‌డబ్ల్యూ చదువుతానని ప్రకటించినప్పుడు చుట్టాల్లో సగంమంది ‘ఎమ్మెస్’ దాకా విని అమెరికా అనుకున్నారు. ‘డబ్ల్యూ’ కూడా విన్నాక ఒక్కొక్కరే ఫోన్లు పెట్టేశారు. సంబంధం చూడ్డానికొచ్చిన పెద్దావిడ మాత్రం ఓపిగ్గా అడిగింది: “సోషల్ వర్క్ సరేనమ్మా, ఉద్యోగం ఏం చేద్దామని?”

బ్యాంకులోనూ అదే వరస. లోన్ల ఆఫీసరు ఫారం చూసి “సాఫ్ట్‌వేరేగా?” అన్నాడు. కాదని తెలిశాక పెన్నుకు మూత పెట్టేశాడు. “చాలా మంచి పనమ్మా, పుణ్యం. మరి అప్పెలా తీరుస్తావు?” ఏడున్నర లక్షల దాకా తాకట్టు అక్కర్లేదని రూల్సులో ఉంది కదండీ అంది మా పిల్ల. “ఉంది, నేను కాదన్నానా? నాన్నగారి ఎల్‌ఐసీ బాండు ఒకటి పెడితే ఫైలు కాస్త నిండుగా ఉంటుందని.” ఫైలు నిండింది, మా బావగారి బీరువా ఆ మేరకు ఖాళీ అయింది, ఐదు లక్షలు వచ్చాయి.

1936లో బొంబాయిలో టాటాల ట్రస్టు ఈ చదువుకు బడి పెట్టినప్పటి నుంచీ ఇది నేర్చుకుని చేయాల్సిన వృత్తి అని మేష్టార్లు చెబుతూనే ఉన్నారు. మనం మాత్రం ఇంకా దీన్ని ఆస్పత్రిలో అరటిపళ్లు పంచి ఫొటో దిగడం అనే అనుకుంటున్నాం. మా పిల్ల రెండేళ్లపాటు వారానికి రెండ్రోజులు బస్తీల్లో ఫీల్డ్‌వర్క్ చేసింది. మామూలుగా పని చేస్తే డబ్బులిస్తారు. ఇక్కడ ఫీజు కట్టి మరీ పని చేయాలి.

పట్టా చేతికొచ్చాక ఇంటర్వ్యూ. ఆ సంస్థ పేరెందుకులెండి. పేదరిక నిర్మూలన మీద సదస్సు జరుగుతున్న స్టార్ హోటల్లోనే, టీ విరామంలో పిలిచారు. మూడే ప్రశ్నలు: తపన ఉందా? స్కూటీ ఉందా? లైసెన్సు ఉందా? పెట్రోలు సంగతి ఈ అమ్మాయి ఎత్తగానే మళ్లీ తపన దగ్గరికే వెళ్లిపోయారట. చివర్లో అసలు మాట చెప్పారు: “పద్దెనిమిది వేలు. దీన్ని జీతం అనుకోకు తల్లీ, గౌరవ వేతనం అనుకో.”

ఆ రాత్రి మా బావగారు ఓ పెళ్లి శుభలేఖ వెనక్కి తిప్పి లెక్క వేశారు. ఐదు లక్షలు, పది శాతం వడ్డీ, పదేళ్లు: నెలకు 6,608. చదువుకున్న రెండేళ్లు, ఆ తర్వాత ఆగుతామన్న ఏడాదిలో పెరిగిన వడ్డీ వేరే. హాస్టలుకు 7,000, పెట్రోలుకు 2,500. మిగిలింది 1,892. జ్వరం, చెప్పులు, ఫోన్ రీచార్జి, పండక్కి ఇంటికి బస్సు టికెట్టు అన్నీ అందులోనే. శుభలేఖ ముందువైపు కల్యాణ వేదిక, విందు. వెనకవైపు ఇదీ. మర్నాడు ఆయన బ్యాంకుకెళ్లి, “జీతం గౌరవ వేతనమట. మీ దగ్గర గౌరవ వాయిదా ఉంటుందా?” అని అడిగొచ్చారు. లేదట.

సంస్థనొక్కదాన్నీ అని లాభం లేదు. విదేశీ విరాళాల్లో పరిపాలన ఖర్చు 50 శాతానికి మించకూడదనే పరిమితిని 2020లో 20 శాతానికి దించారు. కంపెనీల సీఎస్సార్ సొమ్ములో అయితే అది ఐదు శాతమే. దుబారా అరికట్టడం మంచిదే, ఎవరు కాదంటారు? కానీ దాత గారి వరస చూడండి. ఓవర్‌హెడ్ ట్యాంకుకు లక్షలిస్తాడు, పేరున్న శిలాఫలకం అడుగుతాడు. ఆ ట్యాంకు నీళ్లు ఏ వాడకు రావడం లేదో ఎండలో తిరిగి కనుక్కునే మనిషి జీతం దగ్గరికొచ్చేసరికి “అది ఓవర్‌హెడ్ కదండీ” అంటాడు.

ప్రభుత్వానికి దయ లేదనుకునేరు! చదువు అప్పు మీద కట్టిన వడ్డీకి ఎనిమిదేళ్లపాటు ఆదాయపు పన్ను మినహాయింపు ఉంది. వాడుకోవాలంటే ముందు పన్ను కట్టేంత జీతం ఉండాలి. బోడిగుండుకు దువ్వెన బహుమానం.

డల్లాస్ నుంచి మా తమ్ముడు ఇంకో దారి చెప్పాడు. అక్కడ 2007 నాటి చట్టం ప్రకారం సర్కారు కొలువులోనో స్వచ్ఛంద సంస్థలోనో ఉంటూ 120 వాయిదాలు కడితే మిగతా అప్పు మాఫీ అట. బావగారి మొహం వెలిగింది. అది అమెరికా సర్కారు ఇచ్చిన అప్పులకే గానీ, మనూరి పొలం తాకట్టు పెట్టి తీసుకెళ్లిన అప్పుకు కాదని తెలిసి మళ్లీ ఆరింది. పైగా అక్కడ ఎమ్మెస్‌డబ్ల్యూకి కనీసం 900 గంటల ఫీల్డ్‌వర్క్ ఉంది. చాలామందికి దానికి పైసా రాదు. సేవ విషయంలో ప్రపంచమంతా ఒకే కుటుంబం.

మా పిల్ల చేరింది. మొదటి డ్యూటీ ఏమిటనుకున్నారు? ఓ ఊళ్లో డ్వాక్రా మహిళలకు ‘అప్పుల యాజమాన్యం’ మీద అవగాహన సదస్సు. వేపచెట్టు కింద చాపలు పరిచి, వాయిదా ఆదాయంలో ఎంతకు మించకూడదో చార్టు మీద గీసి చెబుతోంది. వెనక వరసలోంచి ఓ పెద్దమ్మ లేచింది.

“అమ్మాయీ, నీకేమన్నా అప్పుందా?”

అబద్ధం చెప్పడం సిలబస్‌లో లేదు. ఐదు లక్షలంది.

“వడ్డీ?”

“పది శాతం.”

చాపల మీద కలకలం. “మేం గడువులోగా కడితే మాకు సున్నా వడ్డీ. ఒకప్పుడు పావలా వడ్డీ ఉండేది. ఇంత చదివి పది శాతానికి తెచ్చుకున్నావా తల్లీ?” పెద్దమ్మ ముందుకొచ్చి కూర్చుంది. మిగతా సదస్సు ఆవిడే నడిపింది. చార్టు పట్టుకుని నిలబడింది మా పిల్ల.

సాయంత్రం రిపోర్టు పంపితే సూపర్‌వైజరు ఫోన్ చేశాడట. “హాజరు పట్టీలో సంతకాలు ముప్పై. నువ్వేమో లబ్ధిదారులు ముప్పై ఒకటని రాశావు. ఆ ఒక్కరెవరు?”