ఆదివారం పూట కారు తోలు తీయడం ఎలా?

గోపాలపట్నంలో కారు కొన్నవాడికి ఇక్కడి దుమ్ము మామూలు దుమ్ము కాదని తొందరగానే తెలుస్తుంది. బైలదిల్లా ఇనప ఖనిజం కొత్తవలస మీదుగా గూడ్సుల్లో పోర్టుకి పోతూ ఉంటుంది. పోర్టు వైపు నుంచి గాలి తిరిగితే బొగ్గు నుసి, సముద్రం ఉప్పు సరేసరి. తెలివితక్కువవాళ్ళు ముందు నీళ్ళు కొట్టి, షాంపూ పెట్టి కడుగుతారు. పెయింట్‌లో గుచ్చుకున్న ఇనప రజను కరగడానికి ఒక మందు కొట్టి, అది ఊదారంగుకి తిరిగేదాకా చూస్తారు. ఆపైన క్లే ముద్దతో రుద్దుతారు. మీరు ఆ పని పెట్టుకోకండి. పాలిష్‌కి వాడే కాంపౌండ్ అంటే రాపిడి పొడే కదా! దుకాణంవాడు డబ్బు పుచ్చుకుని ఇచ్చేదాన్ని గాలి ఉచితంగా మీ గుమ్మంలోకి తెస్తుంటే తుడిచి పారేస్తారా? దాని మీదే మిషను పెట్టండి.

ఇక మిషను. డీఏ అని ఒకటి అమ్ముతున్నారు. దాని ప్లేటు తిరుగుతూ, పక్కకి ఊగుతూ పనిచేస్తుంది. గట్టిగా నొక్కితే తిరగడం మానేస్తుంది; పెయింట్ కాలకుండా అదొక రక్షణట. యజమాని మాట వినని మిషనుకి వేలు పోయడం దేనికి? మీ బావమరిది దగ్గర గేటు పనికి వాడిన నాలుగంగుళాల గ్రైండర్ ఉండే ఉంటుంది. పాలిష్‌కి నిమిషానికి 1,000, 1,500 చుట్లు చాలంటారు. గ్రైండర్ 11,000 తిరుగుతుంది. లెక్క మీరే వేసుకోండి. దానికి ఊలు ప్యాడ్ బిగించి, మిట్టమధ్యాహ్నం, బానెట్ మీద చెయ్యి ఆనించలేని వేళ మొదలెట్టండి. కాంపౌండ్ పెట్టీ పెట్టగానే ఎండి అట్టకడుతుంది. కట్టనివ్వండి, ఇంకా గట్టిగా నొక్కడానికి అదే సాకు.

క్లియర్ కోటు అంటూ భయపెట్టేవాళ్ళుంటారు. కంపెనీ పెయింటు ప్రైమరు, రంగు, క్లియర్ అన్నీ కలిపి సుమారు 100 నుంచి 150 మైక్రాన్లు. అందులో క్లియర్ వాటా 40, 50. మైక్రానంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. గీత పోవడమంటే పూడిపోవడం కాదట, ఆ గీత లోతుదాకా చుట్టూ ఉన్న క్లియరంతా అరగడమట. అందుకే కొందరు మందం కొలిచే మీటరు పట్టుకుని తిరుగుతారు. మన సింహాచలం అప్పన్నకి ఏటా అక్షయ తృతీయకి చందనం ఒలవడం లేదా అని అడగండి. స్వామికి మళ్ళీ విడతలుగా పూస్తారు, నీ కారుకి ఎవరు పూస్తారోయ్ అని ఎదురడిగితే, గ్రైండర్ ఆన్ చెయ్యండి. ఏమీ వినపడదు.

బానెట్ మీద నిలువుగా ఒక మడత ఉంటుంది చూశారా, డోరు అంచుల్లాగా పదునుగా? పెయింటు నిలిచేది అక్కడే తక్కువ, ప్యాడ్ ఒత్తిడంతా పడేదీ అక్కడే. చేతకానివాళ్ళు దానిమీద మాస్కింగ్ టేపు అంటిస్తారు. మీరు సరిగ్గా అక్కడే ఆగి మరో నాలుగు తిప్పులు తిప్పండి. కాసేపటికి తెల్లటి ప్యాడ్ ఎర్రబడుతుంది, కారు ఎర్రదైతే. సంబరపడండి, మురికి వదులుతోంది! అంబాసిడర్ రోజుల్లో పాలిష్ గుడ్డకి రంగు అంటేది, అదేం తప్పు కాదు, అప్పుడు పైన క్లియర్ ఉండేది కాదు కాబట్టి. ఇప్పుడు ఉంది. ఉండేది, అనాలేమో.

బంపర్ ప్లాస్టిక్. రేకులా వేడిని పంచుకోదు, ఒకేచోట దాచుకుంటుంది. ఓపిక పడితే పెయింటు ముడతలు తేలుతుంది. పక్కనున్న నల్ల ప్లాస్టిక్ పట్టీల మీద తెల్ల కాంపౌండ్ చిమ్మి కరుచుకుంటుంది. ఎదురింటివాళ్ళ దండెం మీదికీ కొంత చేరుతుంది. పండగ పూటలా ఉంటుంది. ఎక్స్‌టెన్షన్ వైరు భుజం మీద వేసుకోకుండా బానెట్ మీద ఈడ్చండి, చెరిపిన గీతలకి బదులు కొత్తవి దొరుకుతాయి.

సాయంత్రం బూడిదరంగు ప్రైమరు కనబడితే కంగారుపడి పెయింటర్ దగ్గరికి పరిగెత్తకండి. ఆయన చేత్తో ఒకసారి నిమిరి, బానెట్ మొత్తం కొట్టాల్సిందే అంటాడు. దానిమీద వెడల్పాటి స్టిక్కర్ ఒకటి వేయించండి, రేసు కారంటారు. చేతిలో మిషను వేడిగా ఉండగానే ఎదురింటి అన్నయ్యగారిని పలకరించండి. మొన్ననే కొత్త కారు తెచ్చారు. "ఫ్రీగా పట్టేస్తానండీ, మనలో మనకేంటి" అనండి.