బిల్లు ఉన్న ముల్లు

వాక్కాయ గన్నేరు కుటుంబానికి చెందిన ముళ్లపొద. మల్లెను తలపించే తెల్లపూలు, ఆకు తుంచితే కారే పాలు, వానాకాలంలో ఎర్రబడి ఆపై నల్లబడే పుల్లటి పండ్లు దాని గుర్తులు. దాని చెల్లెలు కలివి కోలారు రాతిగుట్టల మీద ఎవరూ నీళ్లు పోయకుండానే బతుకుతుంది. అదే జిల్లాలోని వేమగల్‌కు పారిశ్రామికవాడ వచ్చాక పొలాలు సైట్లవుతున్నాయి. సైటు చదునులో తొలి ఘట్టం జేసీబీతో ఇలాంటి పొదల్ని పెకలించడం. మలిఘట్టం నర్సరీకి వెళ్లి పచ్చదనం కొనుక్కురావడం.

పొద మీద మోపే నేరాలు రెండు: ముళ్లు, పాలు. ఇవి ఉన్న మొక్క ఇంటి ఆవరణలో ఉంటే వాస్తు ఒప్పుకోదంటారు. ఆ వాస్తే గేటుకు అటూ ఇటూ కుండీల్లో కొలువైన యుఫోర్బియాను చూసీ చూడనట్టు వదిలేస్తుంది. మడగాస్కర్ నుంచి వచ్చిన ఆ మొక్కకు కాండం నిండా ముళ్లే, గిల్లితే పాలే. ఆ పాలు తగిలితే ఒళ్లు మండుతుంది కూడా. దేవగన్నేరు పాలకూ, గులాబీ ముళ్లకూ ఇదే మినహాయింపు. బిల్లుతో వచ్చిన ముల్లు దోషం కాదు కాబోలు.

కంచెకు డురాంటా వేస్తారు. అమెరికా ఖండాల పొద అది. మేకను ఆపలేదు, పండ్లేమో విషం. జీవనది లేని కోలారు జిల్లాలో వెయ్యి అడుగులు దాటిన బోరు నీళ్లతో దాన్ని తడిపి, నెలనెలా క్షవరం చేయిస్తారు. దాని చుట్టమైన లంటానానూ 19వ శతాబ్దపు తొలినాళ్లలో అందానికే దేశంలోకి తెచ్చారు. ఇప్పుడది అడవుల్నే కప్పేస్తోంది.

అదే కంచెకు వాక్కాయ వేస్తే ల్యాండ్‌స్కేప్ నిపుణుడికి దక్కే పని తక్కువ. పండు నుంచి తీసిన గింజను నిల్వ ఉంచకుండా విత్తాలి. మొలకల్ని మూడడుగుల ఎడంతో నాటి, మొదటి వేసవి గట్టెక్కేదాకా నీళ్లు పోస్తే చాలు. పూత కొమ్మల చివర్లలో వస్తుంది కనుక కత్తెర పట్టడం పండ్లు కోశాకే. పొదను బంతిలా చెక్కాలని ముచ్చటపడితే బంతే మిగులుతుంది.

పచ్చికాయ పప్పుకు, పచ్చడికి. పండు ఉప్పు అద్దుకుని తినడానికి. గింజ తీసి, పాకంలో ఊరబెట్టి, ఎర్రరంగు పట్టిస్తే బేకరీ కేకు మీది చెర్రీ. చాలాచోట్ల ఆ చెర్రీ వాక్కాయే. పుట్టినరోజున దాని కోసం పిల్లలు కొట్లాడుకుంటారు. పెద్దలు దాన్ని కశ్మీరు పండని పరిచయం చేస్తారు.