ప్రవేశం ఉచితం

హైదరాబాదులో సాయంత్రం ఆరింటికి ఏమీ తోచక బాధపడేవాడెవరైనా ఉంటే, అతనికి తన ఊరి సంగతి తెలియదని అర్థం. 1961లో టాగూరు శతజయంతి పేరు మీద కట్టిన రవీంద్రభారతిలో ఆ వేళకు ఏ కూచిపూడి ప్రదర్శనో ఉంటుంది. చిక్కడపల్లి త్యాగరాయ గానసభలో ఘంటసాల పాటలుంటాయి. ఏ వారం వెళ్ళినా ఉంటాయి. బాగ్‌లింగంపల్లి సుందరయ్య విజ్ఞాన కేంద్రంలో ఒక కవితా సంపుటి ఆవిష్కరణకు సిద్ధమై, రంగు కాగితంలో చుట్టబడి, ముడి విప్పేవారి కోసం ఎదురుచూస్తూ ఉంటుంది. బంజారాహిల్స్ లామకాన్‌లో నలుగురు కుర్రాళ్ళు ఉర్దూలోనో ఇంగ్లిషులోనో నాటకం వేస్తుంటారు, పక్కనే సమోసా, చాయ్. ఇన్ని జరిగే ఊళ్ళో ‘సంస్కృతి చచ్చిపోయిందండీ’ అన్న విలాపం మాత్రం ఆగదు. చిత్రమేమిటంటే, ఆ విలాపం ఎక్కువగా వినిపించేది సాంస్కృతిక సభల్లోనే, అదీ వేదిక మీంచి, మైకులో. కింద కూర్చున్నవాడు, తాను చచ్చినవాళ్ళ లెక్కలోకి వస్తాడో బతికినవాళ్ళ లెక్కలోకి వస్తాడో తెలియక, ఎందుకైనా మంచిదని చప్పట్లు కొడతాడు. నన్నడిగితే రోగి బతికే ఉన్నాడు. జబ్బు పేరు ఆహ్వానపత్రిక అడుగున చిన్న అక్షరాల్లో అచ్చయి ఉంటుంది: ‘ప్రవేశం ఉచితం, అందరూ ఆహ్వానితులే’. ఈ నాలుగు మాటలు తీసేస్తే మన సాయంకాలాలు సగం బాగుపడతాయన్నది నా వాదన.

సభకు డబ్బు ఎవరిదో చూడండి, మిగతాదంతా అర్థమవుతుంది. హాలు అద్దె, మైకు, ఫ్లెక్సీ, పూలదండలు, శాలువాలు, జ్ఞాపికలు, ఇవన్నీ ఎవరో ఒకరు పెట్టుకోవాలి. సంస్థవారో, సన్మానం అందుకునేవారో, సన్మానం చేస్తే పేరొస్తుందని ఆశపడేవారో పెట్టుకుంటారు. శ్రోత ఒక్కడే పైసా పెట్టనివాడు. కాబట్టి కార్యక్రమం పెట్టుబడి పెట్టినవారి సౌకర్యం ప్రకారం నడుస్తుంది. కార్డులో ఆరు గంటలకని ఉంటుంది. ఆ ఆరుని నమ్మి వచ్చినవాడు కుర్చీలు సర్దే కుర్రాడితో స్నేహం చేసుకోక తప్పదు. ఏడింటికి జ్యోతి ప్రజ్వలన. పైన పంకా తిరుగుతూనే ఉంటుంది గనక కొవ్వొత్తి వెలగదు, పంకా ఆపించాలని ఎవరికీ తోచదు. తరవాత స్వాగతం పలకడానికి ఒకరు, వారిని పిలవడానికి ఒకరు. సభాధ్యక్షులు, ముఖ్య అతిథి, విశిష్ట అతిథి, గౌరవ అతిథి, ఆత్మీయ అతిథి. వీరందరూ వేదికెక్కాక కింద కుర్చీల్లో మిగిలేవాళ్ళు ఆ అతిథుల డ్రైవర్లూ, బంధువులూ, ఇంకా ముగ్గురు నలుగురు. ఈలోపల తెర వెనక గజ్జెలు కట్టుకున్న పిల్ల ముఖానికి పూసిన రంగు ఆరి, చెమటకి కరిగి, మళ్ళీ ఆరుతుంది. ఆ అమ్మాయి రెండు అంశాలు ఆడేలోగా ముఖ్య అతిథిగారికి ఇంకో సభ గుర్తొస్తుంది, నాట్యం ఆపి సన్మానం కానిస్తారు. చివర వందన సమర్పణలో మైకు అబ్బాయికి, టీ అబ్బాయికి, పత్రికలవారికి కృతజ్ఞతలు చెప్పి, ‘ఓపికగా కూర్చున్న ప్రేక్షకులకు’ అంటారు. ఆ ‘ఓపికగా’ అన్నమాట ఆ సాయంత్రం మొత్తమ్మీద పలికిన ఏకైక నిష్పాక్షిక సమీక్ష.

దీనికి ఎవరూ ఎదురు చెప్పరు. చెప్పే హక్కు లేదు గనక. పెళ్ళి భోజనానికి వెళ్ళి సాంబారులో ఉప్పు తక్కువని పెళ్ళివారిని నిలదీయలేం, చేయి కడుక్కుని అక్షింతలు వేసి వచ్చేస్తాం. ఉచిత సభలో శ్రోత పరిస్థితీ అదే. పుస్తకావిష్కరణల్లో ఇది ఇంకా ముదిరిపోయింది. వక్త లేచి ‘పుస్తకం ఇప్పుడే నా చేతికొచ్చింది’ అని మొదలుపెట్టి, చదవని పుస్తకం గురించి ముప్పావుగంట మాట్లాడతాడు. అష్టావధానంలో అప్రస్తుత ప్రసంగానికి ఒక్క పృచ్ఛకుణ్ణే నియమించారు మన పెద్దలు, అదీ అవధాని ధారణను పరీక్షించడానికి. ఆవిష్కరణ సభలో ఆ శాఖను వక్తలందరూ పంచుకుంటారు. ఆ తరవాత రచయిత ప్రతులు ఉచితంగా పంచుతాడు. అలా పుచ్చుకున్నవి చాలావరకు చదవకుండానే ఆదివారం కోఠీ ఫుట్‌పాత్ చేరతాయి, ‘ప్రియమైన’ అన్న సంతకంతో సహా. అక్కడ డబ్బిచ్చి కొనుక్కున్నవాడు మాత్రం చదువుతాడు.

ఎప్పుడూ ఇంతేనా అంటే, కాదు. తెలుగు నాటకం టికెట్టు మీద బతికిన రోజులున్నాయి, అవి దాని మంచి రోజులు. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో ‘కీచకవధ’తో మొదలైన సురభి కుటుంబాలు తరతరాలుగా పిల్లాపాపలతో ఊరూరా తిరిగి, డేరా వేసి, టికెట్టు అమ్మి అన్నం తిన్నాయి. ఆడవేషాలు ఆడవాళ్ళే వేశారు. ఆకాశంలో బాణాలు ఢీకొని నిప్పులు రాల్చడం, నారదుడు మబ్బుల్లోంచి దిగడం, లడ్డూలు లేచివెళ్ళి ఘటోత్కచుడి నోట్లో పడడం, ఇవన్నీ తీగలతో, కప్పీలతో, చేతులతో చేసి చూపించారు. ఆ లడ్డూ వెనక కళాభిరుచి ఎంతుందో, నేల టికెట్టువాడు రేపు మళ్ళీ రావాలన్న భయమూ అంతే ఉంది. ఆ కుటుంబాల్లోంచి వచ్చిన ఆర్. నాగేశ్వరరావుకు, అందరికీ తెలిసిన సురభి బాబ్జీకి, 2013లో పద్మశ్రీ వచ్చింది. అంతకుముందు వంద సంవత్సరాలకు పైగా ఆ కుటుంబాల పద్మాలన్నీ చిల్లర డబ్బుల్లోనే వచ్చాయి. ఇక కాంట్రాక్టు నాటకాల సంగతి. తిరుపతి వేంకట కవుల పాండవ నాటకాల్లో రాయబారానికి ఒక కృష్ణుడు, పడకసీనుకి ఇంకో కృష్ణుడు దిగేవారు. తార్కికంగా ఇది ఘోరం. కానీ జనం కొన్న టికెట్టు కథకోసం కాదు, కథ వాళ్ళకు ముందే తెలుసు. పద్యంకోసం కొన్నారు, ఒక్కో పద్యానికి దిట్ట అయిన గొంతు కోసం కొన్నారు. అందుకే నచ్చితే ‘వన్స్‌మోర్’ అన్నారు. అప్పుడు చచ్చిపడి ఉన్న వేషధారి కూడా లేచి పద్యం పాడి మళ్ళీ చచ్చిపోవలసిందే. నాటకమా, పాటకచేరీనా అని బళ్ళారి రాఘవ వంటివారు విసుక్కున్నారు, ఆ విసుగులో న్యాయముంది. కానీ నటుణ్ణి చావనివ్వని అధికారం ఆనాటి ప్రేక్షకుడికి ఉండేది. ఈనాటి ప్రేక్షకుడికి వక్తను కూర్చోబెట్టే అధికారం కూడా లేదు.

డబ్బు పెట్టేవాడి స్థానంలో మార్కులు వేసేవాడు వస్తే ఏమవుతుందో పరిషత్తు నాటకాలు చూస్తే తెలుస్తుంది. కోస్తా ఊళ్ళలో ఇప్పటికీ పరిషత్తులు రాత్రంతా నాటికలు ఆడిస్తాయి, ఉచితంగానే. ఒక గొప్పదనం ఒప్పుకోవాలి: అక్కడ నాటిక గడియారం ప్రకారం నడుస్తుంది, సమయం దాటితే బహుమతి మీద ఆశ వదులుకోవాలి. రంగస్థలం మొత్తం ముందు వరసలోని న్యాయనిర్ణేతల బల్లవైపు తిరిగి ఉంటుంది. న్యాయనిర్ణేతలు కన్నీళ్ళకు కరుగుతారని నాటక సమాజాలు ఎప్పుడో కనిపెట్టాయి. అందువల్ల తెలుగు నాటికల్లో ఎన్ని వందలమంది తండ్రులు వృద్ధాశ్రమం పాలయ్యారో, ఎన్ని వందలమంది కొడుకులు అమెరికా నుంచి ఫోన్ ఎత్తలేదో చెప్పలేం. టికెట్టు కొన్న జనం ఉంటే, ఏ పదో వృద్ధాశ్రమం దగ్గరో ‘ఆ కొడుకు ఫోన్ ఎత్తించండయ్యా’ అని అరిచి ఉండేవారు.

చెన్నై ఉదాహరణ చెబితే కొందరికి కోపం వస్తుంది, అయినా చెప్పాలి. మ్యూజిక్ అకాడమీ 1928లో పుట్టింది. డిసెంబరు సీజనులో అక్కడ సభలన్నిటిలోనూ పగలంతా కచేరీలే. మధ్యాహ్నం పాడే చిన్నవారివి చాలావరకు ఉచితం, సాయంత్రం పెద్దలవి టికెట్టు. పాడేవాటిలో పెద్ద వాటా త్యాగరాజ కీర్తనలది, అంటే తెలుగుది. తెలుగు పాటను తమిళులు టికెట్టు కొని వింటున్నారు, తెలుగువాళ్ళం ఉచితమంటే ఆలోచించి చూస్తామంటున్నాం. అక్కడి శ్రోత మర్యాదస్థుడేమీ కాదు. మృదంగం తని ఆవర్తనం మొదలవగానే లేచి క్యాంటీనుకి పోయే అలవాటు ఆ సభలకు పాతదే, మృదంగ విద్వాంసులు నొచ్చుకోవడమూ న్యాయమే. కానీ కాఫీ తాగి తిరిగొస్తాడు, వచ్చి తన సీట్లో తానే కూర్చుంటాడు. మన ఉచిత సభలో లేచినవాడు తిరిగొచ్చిన దాఖలా లేదు.

టికెట్టు పెడితే పేదవాడి గతేమిటి అని మొదటి ఆక్షేపణ. దీనికి జవాబు పాతకాలపు నాటకశాలలే చెప్పాయి: నేల, బెంచి, కుర్చీ. నేలమీద కూర్చున్నవాడికే పద్యం ఎక్కువ తెలిసేదనీ, ‘వన్స్‌మోర్’ ముందు అక్కడినుంచే వచ్చేదనీ చెప్పుకుంటారు. పది రూపాయల నేల టికెట్టు పెట్టండి, అదీ లేనివాణ్ణి ఊరికే రానివ్వండి. సినిమాహాల్లో పేలాలకు రెండొందలు ఇచ్చి కిమ్మనకుండా వచ్చేవాళ్ళు నాట్యానికి యాభై అడిగితే పేదల పక్షాన మాట్లాడడం మాత్రం కుదరదు.

రెండో ఆక్షేపణ పెద్దవాళ్ళు చేస్తారు: కళ అమ్ముకునే సరుకా, త్యాగయ్య రాజుగారి కానుకనే కాదన్నాడు కదా? కాదన్నాడు, నిజమే. తంజావూరు కొలువుకు రమ్మంటే పోలేదు. అంటే ఆయన తిరస్కరించింది శాలువాను. తిరువైయారు వీధుల్లో ఉంఛవృత్తి చేస్తూ పాడుతూ పోతుంటే ఇళ్ళవాళ్ళు వేసిన గుప్పెడు బియ్యాన్ని తిరస్కరించలేదు. విన్నవాళ్ళు ఇచ్చిన బియ్యం అది, నేను అడుగుతున్న టికెట్టు కూడా అంతకంటే ఎక్కువేం కాదు. పల్లెటూళ్ళో చందాలు వేసుకుని పెట్టించుకున్న హరికథా ఇదే కోవలోకి వస్తుంది. పందిట్లో ఎవరూ టికెట్టు అడగకపోయినా, చందా ఇచ్చిన ప్రతివాడూ తన కథలాగే విన్నాడు, దాసుగారు పిట్టకథ ఎక్కువ సాగదీస్తే కథలోకి రమ్మని కేక వేశాడు. లామకాన్ వంటి చోట్ల ఉచిత కార్యక్రమాలు సజావుగా నడుస్తున్నాయి కదా అనవచ్చు. నడుస్తున్నాయి. అక్కడ శాలువా లేదు, ముఖ్య అతిథీ లేడు. ఆ షరతులకు ఒప్పుకునే సంస్థ ఏదైనా ఉంటే, దాని టికెట్టు ధర నేను సంతోషంగా మాఫీ చేస్తాను.

గట్టి ఆక్షేపణ మూడోది. డబ్బిచ్చినవాడు కళను చెడగొట్టడా? చెడగొడతాడు. కాళ్ళకూరి నారాయణరావు వేశ్యావ్యసనం మీద సంస్కరణ కోసం రాసిన ‘చింతామణి’లో సుబ్బిశెట్టి పాత్ర, జనం నవ్వుతున్నారు కదా అని ఊరూరా పెరిగి, ద్వంద్వార్థాలతో ఊరి, చివరికి నాటకాన్నే మింగింది. ఒక సామాజికవర్గం నొచ్చుకుంది, 2022 జనవరిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆ ప్రదర్శనను నిషేధించింది. ఈ పాపంలో టికెట్టు కొన్నవాడికి పెద్ద వాటా ఉంది, దాచను. అయితే అతను కనీసం నాటకం చూసి చెడగొట్టాడు. సన్మాన సంఘాలవారు చూడకుండానే చెడగొడుతున్నారు. రెండింట్లో ఒకటి ఎంచుకోమంటే నేను మొదటి దోషిని ఎంచుకుంటాను, అతనితో వాదించవచ్చు.

టికెట్టు పెడితే హాలు ఖాళీ అవుతుందన్న భయం ఒకటి మిగిలింది. ఇప్పుడు నిండుగా ఉందా? పైగా హైదరాబాదు పుస్తక ప్రదర్శనకు వెళ్ళడానికి జనం నామమాత్రపు రుసుమైనా చెల్లించి, వరసలో నిలబడి లోపలికి పోతున్నారు. అంటే దుకాణంలోకి వెళ్ళడానికి టికెట్టు కొని, లోపల మళ్ళీ పుస్తకాలు కొంటున్నారు. ఇలాంటి జనాన్ని పట్టుకుని వీళ్ళు డబ్బివ్వరు అనడం అన్యాయం.

కాబట్టి నిర్వాహకులకు ఒక మనవి: శాలువాల ఖర్చు మానేసి ఆ డబ్బుతో టికెట్లు అచ్చువేయించండి, ఆరంటే ఆరింటికే తెర లేపండి. పాఠకులకు ఇంకో మనవి: మీ ఊళ్ళో సురభివారు ఆడుతుంటే టికెట్టు కొని చూడండి, పిల్లల్నీ తీసుకెళ్ళండి. పుస్తకావిష్కరణకు వెళితే ఒక ప్రతి డబ్బిచ్చి కొనండి. రచయిత కంగారుపడితే మంచినీళ్ళు ఇచ్చి కూర్చోబెట్టండి. కచేరీకి టికెట్టుంటే తీసుకుని, ముందు వరసలో సోఫా ఖాళీగా కనిపిస్తే నేరుగా వెళ్ళి కూర్చోండి. ఎవరైనా వచ్చి ‘ఇది వీఐపీలకండీ’ అంటే, టికెట్టు ముక్క తీసి చూపించండి.