కారణాల మాష్టారు

పాతపట్నంలో ఏదీ ఊరికే పోదు. ఆనపపాదు ఎండితే పక్కింటావిడ చూపు. దూడ మేత మానేస్తే వీధిలో దిష్టితీసి పడేసిన నిమ్మకాయ. కొబ్బరిచెట్టు కాయకపోతే తిత్లీ. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున పలాస దగ్గర తీరం దాటిన ఆ తుఫానే, మా వైపు కుంటుపడిన ప్రతి పనికీ ఇప్పటిదాకా పూచీ పడుతోంది. ఇన్ని కారణాలు చేతికందే ఊళ్లో ఉంటూ, ఏ కారణమూ చెప్పకుండా ముడుచుకుపోయే ప్రాణులను తెచ్చి ముందుగదిలో పెట్టుకున్నారు మా సైన్సు మాష్టారు.

ప్రాణులంటే పగడాలు. రాయిలా గట్టిగా ఉండేవి కావు. వాటిని 2001లోనే వన్యప్రాణి చట్టం మొదటి షెడ్యూలులో చేర్చారు. పులి ఉన్న జాబితా అది, మాష్టారు దాని జోలికి పోరు. ఇవి మెత్తనివి. పుట్టగొడుగుల్లా కొన్ని, చొక్కా గుండీల్లా కొన్ని, తోలు మడతల్లా కొన్ని. విశాఖలో తనలాంటి పిచ్చే ఉన్న ఒక బ్యాంకు ఉద్యోగి అరటి పిలకలు పంచినట్టు ముక్కలు తీసి ఇచ్చాడట. సముద్రమేమో టెక్కలి దాటి భావనపాడు వెళ్తేగాని కనపడదు. మాకు దగ్గరున్నది మహేంద్రతనయ, అది మంచినీళ్ల ఏరు. అందుచేత సముద్రాన్ని మాష్టారు ఇంట్లోనే కలుపుకుంటారు, లీటరుకు 35 గ్రాముల లెక్కన. గాజు తొట్టె మీద నీలం దీపాలు. రాత్రిపూట పర్లాకిమిడి నుంచి ఆటోలో దిగినవాళ్లు ఆ వెలుగు చూసి సెల్ షాపనుకుని రీచార్జి అడిగిన సందర్భాలున్నాయి.

ఈ జాతి మనుషులు మా ఊరికే పరిమితం కాదు. విశాఖ ఎంవీపీ కాలనీలో ఉంటారు, హైదరాబాదు కొండాపూర్ అపార్టుమెంట్లలో ఉంటారు, న్యూజెర్సీ ఎడిసన్‌లో బేస్‌మెంట్లలో ఉంటారు. గుర్తుపట్టడం తేలిక. కుడిచేతి చొక్కా మోచేతిదాకా తడిసి ఉంటుంది. "బావున్నారా?" అని అడిగితే, "ఆల్కలినిటీ కాస్త దిగిందండీ" అంటారు.

గట్టి పగడం చస్తే తెల్లటి ఎముకైనా మిగులుతుంది. మెత్తనిదానికి ఆ మర్యాద కూడా లేదు. ఇవాళ రూపాయి బిళ్లంత ఉన్నది పండక్కి అర్ధరూపాయంత అవుతుంది, ఆపైన చొక్కా గుండీ అంత, ఓ పొద్దున చూస్తే రాయి మీద ఖాళీ. శవం లేదు, పంచనామాకు ఆధారం లేదు. పక్కనే అదే నీళ్లలో చేప హాయిగా తిరుగుతూ ఉంటుంది. మాష్టారికి నిద్ర పట్టనిది ఇక్కడే. చావును తట్టుకోగలరు గానీ, కారణం లేని చావును తట్టుకోలేరు.

మొదట నీళ్లను అనుమానించారు. చేతిలో టీడీఎస్ మీటరుతో మినరల్ వాటర్ ప్లాంటుకెళ్లి క్యాను క్యానులోనూ ముంచి చూశారు. "సున్నా రావాలి కదరా?" అని నిలదీశారు. ప్లాంటు కుర్రాడు జంకలేదు. "సున్నా అయితే రుసుండదు మేష్టారూ. జనం ఊసేత్తారు. కూసింత బోరునీరు కలపాల గదేటి!" అన్నాడు. మాష్టారు సొంతంగా ఆర్వో యంత్రం కొన్నారు. పగడాలు మాత్రం కుదించుకుపోతూనే ఉన్నాయి.

తర్వాత ఉప్పు. ఇక్కడ మావగారు ప్రవేశించారు. ఆయనది నౌపడ, పుట్టింది ఉప్పు మడుల మధ్య. అల్లుడు డబ్బాల్లో ఉప్పు కొనుక్కుంటున్నాడని తెలిసి ఆయనకు తలకొట్టేసినట్టయింది. నౌపడ-గుణుపురం బండిలో ఓ బస్తా వేసుకుని దిగారు. అల్లుడికి సైన్సు చెప్పే అవకాశం దొరికింది. మడిలో సముద్రపు నీరు ఎండేటప్పుడు సున్నమూ జిప్సమూ ముందే అడుగున దిగిపోతాయి, ఆ తర్వాత ఉప్పు పండుతుంది, మెగ్నీషియం ఉన్న చేదునీటిని చివర్న పారబోస్తారు. పగడానికి కావలసినవన్నీ మీరు వదిలేసినవాటిలోనే ఉన్నాయి మావగారూ, అని వివరించారు. పాఠం తప్పు లేనిదే. మావగారు ఆ రాత్రి పెరుగన్నంలో ఉప్పు వేసుకోలేదు.

అయితే అసలు సముద్రమే తెద్దామని కార్తీకమాసంలో భావనపాడు నుంచి క్యాన్లతో నీళ్లు తెచ్చారు. కొలిస్తే 35కి బాగా తక్కువ. వానాకాలం వెళ్లాక గంగ, మహానది కుమ్మరించిన మంచినీరంతా మా తీరం వెంటే దిగుతుంది. అంటే బంగాళాఖాతం కూడా ప్లాంటు కుర్రాడిలా కూసింత కలుపుతుందన్నమాట. ఎవర్ని నిలదీస్తారు?

ఆ తర్వాత వేడి. ముందుగదికి ఏసీ వచ్చింది. వైశాఖంలో మాష్టారి తల్లి వరండాలో విసనకర్రతో కూచుంటే లోపల పుట్టగొడుగులు 26 డిగ్రీల్లో సేదతీరాయి. ఇందులో ఒక సంగతి నాకు మింగుడుపడదు. సముద్రంలో పగడాలు ఎందుకు తెల్లబడి చస్తున్నాయో లోకానికంతా తెలుసు. 1998లో చూశారు, 2016లో చూశారు, 2024 ఏప్రిల్లో అమెరికా సముద్ర పరిశోధకులు ప్రపంచం మొత్తానికి ఇది నాలుగోసారని ప్రకటించారు. మన లక్షద్వీప్ కూడా ఆ ఏడే దెబ్బతింది. కారణం వేడి, ఎవరికీ అనుమానం లేదు. తెలిసిన కారణం జోలికి ఎవరూ పోరు, తెలియని కారణం కోసం మాత్రం ఇంట్లో ఇంకో ఏసీ పెడతారు.

మాష్టారికి అన్నిట్లోకీ నచ్చిన కారణం విషప్రయోగం. మెత్తని పగడాలు కదిలివెళ్లి కొట్టుకోలేవు కాబట్టి పక్కదాన్ని ఎదగనివ్వకుండా నీళ్లలోకి టెర్పీన్లనే రసాయనాలు వదులుతాయి. పైకి అంతా కలిసే ఉన్నట్టుంటుంది, ఉమ్మడి ఇంట్లో తోడికోడళ్లు పల్లెత్తు మాటనకుండా ఒకరి కూరలో ఒకరు ఉప్పు గుమ్మరించినట్టు. తోలు పగడమే దోషి అని తేల్చి దాన్ని ఓ మూలకు జరిపారు, నీళ్లలో బొగ్గుసంచి వేలాడదీశారు, నురుగు తీసే యంత్రం ఇరవైనాలుగు గంటలూ తిప్పారు. నీళ్లు అద్దంలా తేలాయి. నైట్రేటు సున్నా, ఫాస్ఫేటు సున్నా. పగడాలు ఇంకా వేగంగా ముడుచుకున్నాయి.

పొలానికి పోతూ తొంగిచూసిన ఎదురింటి రైతు, "ఎరువే లేకపోతే పైరెలాగొత్తాది మేష్టారూ?" అన్నాడు. ఇన్ని నెలల్లో ఆ గుమ్మంలో వినపడిన తెలివైన మాట అదొక్కటే. పగడం ఒంట్లో నాచు కాపురముంటుంది, అది వండిపెడితేనే దీని పొట్ట నిండుతుంది, దానికీ నత్రజనీ భాస్వరమూ కావాలి. మాష్టారు ఒప్పుకున్నారు. ఒప్పుకుని ఊరుకుంటే బాగుండేది. మర్నాటినుంచి మేత మూడింతలు చేశారు. వారం తిరక్కుండా రాళ్లమీద పచ్చటి పాచి పరుచుకుంది.

తల్లిగారి నిర్ధారణ వేరు. కొడుకు వేలికి కుజదోషానికని చిన్నప్పుడు తొడిగిన పగడపు ఉంగరం ఉంది. "తొట్లో పగడం రంగు దిగితే వేలి పగడానికీ దిగినట్టే. శాంతి సేయించు నాయినా, నీలమణి దుర్గమ్మకు మొక్కుకో" అందావిడ. మాష్టారు నవ్వబోయి ఆగారు. నగలకు వాడే ఎర్ర పగడం గట్టి పగడాల కుటుంబం కాదు, ఎనిమిది వేళ్ల మెత్తని పగడాలకే దగ్గరి చుట్టం. అమ్మ మాటలో జంతుశాస్త్రం సరిగ్గా ఉంది. ఆదివారం గుడికి వెళ్లొచ్చారు, దాన్ని కారణాలు రాసుకునే నోటుపుస్తకంలో మాత్రం ఎక్కించలేదు.

ఇక జీనియా అనే మెత్తని పగడం సంగతి. కాడల చివర చిన్న చిన్న చేతులు పగలూ రాత్రీ పిడికిళ్లు మూస్తూ తెరుస్తూ ఉంటాయి. జెరూసలేంలోని హీబ్రూ విశ్వవిద్యాలయం వాళ్లు దీని దాయాది ఒకదాన్ని పరిశీలించి 2013లో రహస్యం విప్పారు. లోపలి నాచు వదిలిన ఆక్సిజన్ చుట్టూ పేరుకోకుండా తోసేయడానికట ఆ చప్పట్లు. మధ్యాహ్నం పూట మాత్రం కాసేపు ఆపి విశ్రాంతి తీసుకుంటుందని కూడా గమనించారు. పాతపట్నంలో ఆ వేళకు షట్టర్లు సగం దిగుతాయి, బస్టాండులో కుక్కలు సైతం లేవవు. మాష్టారొక్కరే మేలుకుని తొట్టె ముందు ఉంటారు. చప్పట్లు ఆగాయి! గుండె జారింది. బకెట్టు తెచ్చి సగం నీళ్లు మార్చేశారు. కునుకు తీస్తున్నవాడి మీద చన్నీళ్లు గుమ్మరిస్తే ఏమవుతుందో జీనియాకూ అదే అయింది.

పదో తరగతి పేపర్లు దిద్దే స్పాట్ వాల్యుయేషన్‌కు మాష్టారు శ్రీకాకుళం వెళ్లాల్సి వచ్చింది. అక్కడే చుట్టాలింట్లో మకాం. తొట్టెకు ఏం చెయ్యాలో నాలుగు పేజీలు రాసి భార్యకిచ్చారు. ఆవిడ ఆ కాగితాలు ఫ్రిజ్ మీద పెట్టి, గీత దాకా తగ్గిన నీళ్లు పోసి దీపం ఆర్పడం తప్ప ఇంకేమీ చెయ్యలేదు.

తిరిగొచ్చేసరికి గుండీలన్నీ విచ్చుకుని ఉన్నాయి. పుట్టగొడుగులు అంచులు చాచాయి. జీనియా లయ తప్పకుండా చప్పట్లు కొడుతోంది.

మాష్టారు కుర్చీలో కూలబడ్డారు. సంతోషం అరనిమిషం కూడా నిలవలేదు.

"ఎందుకు బాగయ్యాయి?" అన్నారు.

"మీరు లేరు గదండీ" అందావిడ, కాఫీ ఇస్తూ.

"అదో కారణమా?" అని పుస్తకం తెరిచారు. ఆర్వో, ఏసీ, బొగ్గు, మేత, తోలు పగడం బదిలీ. వీటిలో ఏ ఒక్కటో పనిచేసి ఉండాలి. ఏదో తేలాలంటే పద్ధతి ఒకటే, ఒక్కొక్కటే వెనక్కి తీసెయ్యాలి. ఏది తీస్తే మళ్లీ ముడుచుకుంటాయో అదే అసలు మందు.

కుడిచేతి చొక్కా మోచేతిదాకా మడిచి, ముందుగా బొగ్గుసంచి అందుకున్నారు.