చవక చిప్పుకే తాళమా?

1998 ఆగస్టు 24న ఇంటెల్ కంపెనీ రెండు ప్రాసెసర్లు విడుదల చేసింది. ఒకటి 450 మెగాహెర్ట్జ్ పెంటియం 2, ధర 669 డాలర్లు. రెండోది సెలెరాన్ 300ఏ, ధర 149 డాలర్లు. డాలరు 42 రూపాయల చిల్లర ఉన్న రోజులు. అంటే ఒకటి 28 వేలు, ఇంకొకటి ఆరువేల పైచిలుకు, పన్నులు వేరే. మొదటిదాని వంక చూసే స్తోమత మాకు లేదు. రెండోది కొని మొదటిదానంత వేగంగా నడిపించడం మాత్రం తెలుసు. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో, చెనాయ్ ట్రేడ్ సెంటర్ మెట్ల మీద నిలబడి గీచి గీచి బేరమాడే కుర్రాళ్ళందరికీ తెలుసు.

అందులో మంత్రమేమీ లేదు. ప్రాసెసర్ వేగమంటే రెండు అంకెల గుణకారం. బోర్డు ఇచ్చే బస్ వేగం ఒకటి, చిప్పులో ఉండే మల్టిప్లయర్ ఒకటి. 300ఏకి బస్ 66, మల్టిప్లయర్ నాలుగున్నర, వెరసి 300. మల్టిప్లయర్‌కి ఇంటెల్ అప్పటికే తాళం వేసింది. ఆ తాళాన్ని నేను తప్పుపట్టను. తక్కువ రకం చిప్పు మీది అచ్చు చెరిపి, పెద్ద నంబరు కొట్టి అమ్మే దొంగ వ్యాపారం అప్పట్లో జోరుగా ఉండేది. తెలియక కొన్న అమాయకుడు నిండా మునిగేవాడు. వాణ్ణి కాపాడాలి, నిజమే. కానీ బస్ వేగాన్ని వాళ్ళు ముట్టుకోలేదు. 66ని 100 చేస్తే నాలుగున్నర రెట్లు 450. ఆనాటి 440బీఎక్స్ చిప్‌సెట్ పుట్టిందే 100 కోసం. అందులో మూడో వంతు పీసీఐకి, మూడింట రెండు వంతులు ఏజీపీకి పోయేవి కాబట్టి హార్డ్ డిస్కుకి గానీ గ్రాఫిక్స్ కార్డుకి గానీ ఇబ్బందే ఉండేది కాదు.

అబిట్ బీహెచ్6 లాంటి బోర్డు దొరికితే బయోస్‌లోనే మార్చుకోవచ్చు, జంపర్ పీకే పని కూడా లేదు. మామూలు బోర్డయితే చిప్పు అడిగిన బస్సే ఇచ్చేది. దానికీ ఉపాయం ఉంది. స్లాట్ 1 సెలెరాన్ అంటే పలకలాంటి చిన్న సర్క్యూట్ బోర్డు, అంచున వరసగా బంగారు పూత కాళ్ళు. వాటిలో బీ21 అనే కాలిని లెక్కపెట్టి పట్టుకుని, దాని వెడల్పుకే బ్లేడుతో కోసిన సెల్లోటేపు ముక్కని గోటితో నొక్కి అంటించేవాళ్ళం. పక్క కాలి మీదికి వెంట్రుక వాసి జరిగినా మళ్ళీ మొదటికే. స్లాట్‌లోకి దించేటప్పుడు టేపు ముడుచుకోకుండా నిటారుగా దించాలి. స్విచ్ వేశాక నల్ల తెర మీద 300 ఉండాల్సిన చోట 450 అని పడితే, చుట్టూ చేరినవాళ్ళ కేకలకి పక్క షాపువాళ్ళు వచ్చి చూసేవాళ్ళు.

ఇది దొంగతనమని, కంపెనీ పొట్ట కొట్టడమని ఇవాళ కొందరు అంటున్నారు. కాదు. ఒకే సిలికాన్ పలక మీద వందల చిప్పులు తయారవుతాయి. పరీక్షించి వేగాన్నిబట్టి వేరు చేస్తారు. చవక రకానికి గిరాకీ ఎక్కువైనప్పుడు, ఎక్కువ వేగం తట్టుకోగల చిప్పుల మీద కూడా చిన్న నంబరు కొట్టి పంపుతారు. మేం డబ్బిచ్చి కొన్న సిలికాన్‌లో ఉన్న సత్తువనే మేం బయటికి తీశాం. కాలిపోతే మా చిప్పే కాలిపోయేది, వారంటీ అడగడానికి ఎవరూ వెళ్ళేవాళ్ళు కాదు.

ఆ తరవాత పన్నెండేళ్ళూ అదే పండగ. ఏఎండీ వాళ్ళ డ్యూరాన్ వచ్చినప్పుడు, చిప్పు పైన ఎల్1 అని రాసి ఉన్న తెగిన గీతల మీద పెన్సిల్‌తో రుద్దితే, గ్రాఫైట్ వాటిని కలిపి మల్టిప్లయర్ తాళం తీసేది. ఏఎండీదే బార్టన్ 2500+ బస్‌ని 166 నుంచి 200 చేస్తే అది 3200+ అయి కూర్చునేది. 2007లో ఇంటెల్ పెంటియం ఇ2160, పేరుకి 1.8 గిగాహెర్ట్జ్, ఓ మాదిరి ఫ్యాన్ పెడితే 3 దాకా వెళ్ళేది. వీటిలో ఒక్కటీ ఖరీదైన చిప్పు కాదు. డబ్బు తక్కువైన చోట బుర్ర పెట్టడమే ఓవర్‌క్లాకింగ్. ఆ బుర్ర పెట్టడంలోనే వోల్టేజీ అంటే ఏమిటో, వేడి ఎక్కడ పుట్టి ఎటు పోతుందో, మెమరీ ఎందుకు మొరాయిస్తుందో కుర్రాళ్ళకి ఒంటబట్టేది. రాత్రంతా సూపర్ పై అనే పరీక్ష ప్రోగ్రాం నడిపించి, తెల్లారి చూసి, ఒక మెట్టు దించి, మళ్ళీ నడిపించేవాళ్ళు. ఏ కాలేజీ ల్యాబులోనూ దొరకని చదువది.

2011 జనవరిలో శాండీ బ్రిడ్జ్ వచ్చి ఆ పండగ ముగించింది. క్లాక్ పుట్టించే పనిని చిప్‌సెట్‌లోకి తెచ్చి, ప్రాసెసర్‌కీ పీసీఐ ఎక్స్‌ప్రెస్‌కీ సాటాకీ అన్నిటికీ ఒకే క్లాక్ ముడిపెట్టారు. 100ని 105 చేసేసరికే ఏదో ఒకటి తప్పుకునేది. వేగం పెంచాలంటే ఇక మల్టిప్లయరే దిక్కు, అది తెరిచిన చిప్పుకి పేరు చివర కె అక్షరం తగిలించారు. ఐ5-2500 ధర 205 డాలర్లు, 2500కె ధర 216. పదకొండు డాలర్లేగా అన్నారు చాలామంది. పదకొండుతో సరిపోతే నేనూ నోరెత్తేవాణ్ణి కాదు. 117 డాలర్ల ఐ3-2100కి కె రకమే లేదు. పైగా కె చిప్పు కొన్నా పీ67 బోర్డు కావాలి, చవక హెచ్67 మీద అది కదలదు. ఆరువేలవాడి హక్కుగా ఉన్నదాన్ని తీసుకెళ్ళి పై బల్ల మీద పెట్టారు.

అంతకు ముందు ఏడాది, 2010లో, ఇంకో విడ్డూరం జరిగింది. పెంటియం జీ6951 అనే చిప్పులో హైపర్‌థ్రెడింగ్‌నీ కొంత క్యాష్ మెమరీనీ మూసిపెట్టి, 50 డాలర్ల కార్డు కొని కోడ్ కొడితే తెరుచుకుంటాయన్నారు. ఇల్లు కొన్నవాడికి వెనక గది తాళంచెవి విడిగా అమ్మడం అది. జనం ఛీకొట్టారు, మరుసటి ఏడాది ఆపేశారు.

నన్ను ఎక్కువ బాధపెట్టింది మాత్రం 2016. అంతకు ముందు ఏడాది వచ్చిన స్కైలేక్‌లో క్లాక్‌ని మళ్ళీ విడదీశారు. అస్‌రాక్, సూపర్‌మైక్రో లాంటి బోర్డు కంపెనీలు డిసెంబరు నాటికి దారి కనిపెట్టి బయోస్‌లు విడుదల చేశాయి. తాళం వేసిన 117 డాలర్ల ఐ3-6100 కూడా బస్ పెంచితే పరుగెత్తింది. పాత రోజులు తిరిగొచ్చాయని మాలాంటివాళ్ళం ఎంత సంబరపడ్డామో! ఫిబ్రవరికల్లా ఇంటెల్ అడ్డుపడింది. కొత్త మైక్రోకోడ్‌తో దారి మూసేశారు, అస్‌రాక్ ఆ ప్రచారాన్నే తీసేసింది. సాంకేతికంగా కుదరదంటే సర్దుకుంటాం. కుదిరి, నడిచి, జనం వాడుతున్నదాన్ని మూసేస్తే ఎలా సర్దుకోమంటారు?

ఏఎండీని నెత్తిన పెట్టుకునేవాళ్ళకీ ఒక మాట. 2017లో రైజెన్ అన్నిటికీ తాళం తీసి, మధ్యరకం బీ350 బోర్డు మీద కూడా పనిచేసేలా ఇచ్చారు, దండం పెట్టాను. మరుసటి ఏడాది 55 డాలర్ల ఆథ్లాన్ 200జీఇకి మాత్రం వాళ్ళూ తాళమే వేశారు. ఎంఎస్ఐ బయోస్ ఒకటి దాన్ని తెరిస్తే తరవాతి బయోస్‌లలో మూసుకుపోయింది. 2019లో 49 డాలర్లకే తాళం లేని 3000జీ ఇచ్చారు కాబట్టి వాళ్ళ మీద నాకు కోపం నిలవలేదు.

ఇప్పటి చిప్పులు వాటంతటవే వేగం పెంచుకుంటున్నాయి, ఇక మీరు పెంచేదేముంది అంటాడు మా అక్క కొడుకు. పై తరగతి చిప్పుల విషయంలో వాడి మాట నిజం, వాటిని పిండాల్సినంతా కంపెనీయే పిండి పంపుతోంది. చవకవాటి సంగతి అలా కాదు. 2022 నాటి ఐ5-12400ని 4.4 గిగాహెర్ట్జ్ దగ్గర కట్టేశారు. అదే తరహా కోర్లున్న 12900కె 5.2 దాకా వెళ్తుంది. విడిగా క్లాక్ చిప్పున్న ఖరీదైన ఆసుస్ బోర్డుల మీద పెట్టి చూస్తే ఆ 12400 కూడా 5 దాటింది. సత్తువ ఉందనడానికి ఇంతకన్నా రుజువేం కావాలి? చిప్పుకన్నా బోర్డు ఖరీదైతే చవక చిప్పు కొన్నవాడికి ఒరిగేదేమిటి? మా అక్క కొడుకు కొత్త కంప్యూటర్ బయోస్ తెరిచి చూశాను. మల్టిప్లయర్ గడి బూడిదరంగులో ఉంది, బాణం మీటలు దాని మీద ఆగనైనా ఆగవు. వాడికి అది వింతగా కూడా అనిపించలేదు. నాకు కడుపు మండింది అందుకే.

చవక చిప్పుకి తాళం తీయడం ఇంటెల్‌కి చేతకాని పని కాదు. పెంటియం పేరుకి ఇరవై ఏళ్ళు నిండాయని 2014లో జీ3258 అనే 72 డాలర్ల చిప్పుని తాళం తీసి ఇచ్చారు. 3.2 గిగాహెర్ట్జ్‌ది 4 దాటి పరుగెత్తింది, కుర్రాళ్ళు ఎగబడి కొన్నారు. 2017లో ఐ3-7350కె అని మళ్ళీ ఒకటి వదిలారు గానీ దానికి 168 డాలర్లు పెట్టారు. ఇంకో 14 వేస్తే నాలుగు కోర్ల ఐ5-7400 వచ్చేటప్పుడు ఈ రెండు కోర్లది ఎవరు కొంటారు? వంద డాలర్ల లోపు చిప్పు ఒక్కటి, మల్టిప్లయర్ తెరిచి, చవక బోర్డు మీద కూడా పనిచేసేలా ఇవ్వండి. వారంటీ లేదని పెట్టె మీద పెద్దక్షరాలతో అచ్చు వేయండి, కాలితే మాదే పూచీ.