నన్ను చూడని జిమ్మీ

నేను 21 అంగుళాల రంగుల టీవీని. 1994లో తెనాలిలో ఈ ఇంటి హాల్లోకి వచ్చాను. నా ముందు కూర్చుని నవ్విన మనుషుల గురించి, ఏడ్చిన మనుషుల గురించి చెప్పేవాళ్ళు చాలామంది ఉన్నారు. నేను చెప్పాలనుకున్నది ఈ ఇంట్లోనే తిరిగిన నాలుగుకాళ్ళవాళ్ళ గురించి. వాళ్ళు నన్నెందుకు పట్టించుకోలేదో నా లోపలి పని తెలిసిన నేను చెప్పగలను.

జిమ్మీ తెల్లటి పామరేనియన్. ఇల్లంతా నా ముందు చేరి మ్యాచ్ చూస్తుంటే వాడు నాకు వీపు పెట్టి పడుకునేవాడు. "వీడికి టీవీ అర్థం కాదులే" అనేవారు నాన్నగారు. ఆ మాట విన్నప్పుడల్లా నాకు కష్టంగా ఉండేది. జిమ్మీకి తెలివి తక్కువై కాదు, వాడి కంటికి నేను బొమ్మగా కనబడనే లేదు.

నా గాజు వెనక మూడు ఎలక్ట్రాన్ల పుంజాలు కలిసి పైనుంచి కిందికి గీతలు గీసుకుంటూ వస్తాయి. మొత్తం 625 గీతలు. వాటిని ఒకే విడతలో గీయను. ఒకసారి బేసి గీతలు, ఇంకోసారి సరి గీతలు, రెండూ కలిస్తే ఒక బొమ్మ. అలా తెర సెకనుకు 50 సార్లు వెలిగి మసకబారుతుంది. ఏ క్షణాన చూసినా నాలో నిజంగా మెరిసేది సన్నటి పట్టీ ఒక్కటే. మధ్యలోని చీకటిని మనిషి కన్ను లెక్కపెట్టదు, అన్నీ కలుపుకుని నిండు బొమ్మ చేసుకుంటుంది. కుక్క కన్ను అలా సరిపెట్టుకోదు. సెకనుకు 70 సార్లకు పైగా వెలిగితే తప్ప దానికి ఆ వెలుగు నిలకడగా కనిపించదు. నాన్నగారు సచిన్ స్ట్రెయిట్ డ్రైవ్ చూసి చప్పట్లు కొట్టినచోట, జిమ్మీకి కనిపించింది చెడిపోయిన ట్యూబ్‌లైటు కొట్టుకున్నట్టు ఒక మినుకు. దానికేసి ఎవరు మాత్రం ఎంతసేపు చూస్తారు?

రంగుల సంగతీ అంతే. మనిషి కంట్లో రంగులు పట్టే కణాలు మూడు రకాలు, కుక్క కంట్లో రెండే. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం వారి శాంటా బార్బరా ప్రాంగణంలో జే నైట్జ్, ఆయన సహచరులు కుక్కలకు తర్ఫీదు ఇచ్చి పరీక్షించి 1989లో ఈ సంగతి ప్రకటించారు. నీలానికీ పసుపుకూ తేడా వాటికి బాగా తెలుస్తుంది. ఎరుపూ ఆకుపచ్చా మాత్రం కలిసిపోతాయి. టెస్టు మ్యాచ్‌లో పచ్చగడ్డి మీద దొర్లే ఎర్రబంతి వాటి కంటికి ఆనడం కష్టం. వన్డేల్లో మనవాళ్ళ నీలం జెర్సీ అయితే ఆనుతుంది.

ఇక చెవి. సెకనుకు 25 బొమ్మలు, ఒక్కో బొమ్మకు 625 గీతలు. హెచ్చవేస్తే 15,625. నేను ఆన్‌లో ఉన్నంతసేపూ నా లోపలి ట్రాన్స్‌ఫార్మర్ ఆ వేగంతో సన్నగా ఈల వేస్తూనే ఉండేది. నాన్నమ్మ ఆ ఈల ఒక్కనాడూ వినలేదు. వయసు మీద పడేకొద్దీ చెవిలో ముందు మూసుకుపోయేది అలాంటి సన్నటి చప్పుళ్ళ దారే. మనవరాలు మాత్రం చిన్నప్పుడు పక్కగదిలోంచే, సౌండు పూర్తిగా తగ్గించి ఉన్నా, "టీవీ ఆన్‌లో ఉంది" అని చెప్పేసేది. కుక్క సెకనుకు 45,000 కంపనాల దాకా వినగలదు, పిల్లి 64,000 దాకా. నేను ఆ పిల్లకి వినిపించానంటే జిమ్మీకి ఇంకెంత వినిపించి ఉంటానో!

జిమ్మీ నన్ను పూర్తిగా వదిలేశాడని కూడా అనలేను. సినిమాలో కుక్క మొరిగితే చెవులు నిక్కబొడుచుకుని లేచేవాడు. లేచినవాడు తెర దగ్గరికి రాడు, చుట్టూ తిరిగి నా వెనక్కి వెళ్ళేవాడు. గాలి కోసం పెట్టిన సన్నటి కంతలకు ముక్కు ఆనించి, ఈ చివరి నుంచి ఆ చివరి దాకా ఒక్కో వరసా వాసన చూసేవాడు. వేడెక్కిన దుమ్ము, ప్లాస్టిక్కు, ఎప్పుడో దూరిన బల్లి తప్ప అక్కడ ఏముంటాయి? ఒకసారి తుమ్మి వెళ్ళి పడుకునేవాడు. ఆ తనిఖీ అంటే నాకెంతో గౌరవం. మొరిగిన కుక్క ఒకటి ఉంటే దానికి వాసన ఉండి తీరాలి. ఈ ఇంట్లో నన్ను అంత శ్రద్ధగా పరీక్షించినవాడు మరొకడు లేడు.

పిల్లికి నేను వెచ్చటి అరుగును. చలికాలం సాయంత్రాలు నా నెత్తిమీదే నిద్ర. తోక జారి తెరకు తగిలితే చిటపటమనేది. అలా ఒక తరం నడిచింది.

2014లో గోడకు తగిలించే పల్చటి ఎల్‌ఈడీ టీవీ వచ్చింది. దాని మీద పిల్లి పడుకోవడానికి చోటు లేదు. నన్ను పారేయనివ్వలేదు నాన్నమ్మ. తన గదిలో పెట్టించుకుని, పసుపు, ఎరుపు, తెలుపు వైర్లతో సెట్‌టాప్ బాక్స్ తగిలించుకుంది. తలుపు తీసి ఉంటే హాలంతా కనబడుతుంది నాకు. బంటిని అక్కడినుంచే గమనించాను. వాడు గోధుమరంగు నాటుకుక్క. ఒకరోజు అడవి జంతువుల ఛానల్ పెడితే వచ్చి తెర ముందు కూర్చున్నాడు. జింక ఎటు పరిగెడితే అటు తల తిప్పాడు. జింక తెర అంచు దాటిపోయేసరికి లేచి ఆ పక్క గోడ దగ్గరికి వెళ్ళి చూశాడు.

"ఏమే అమ్మలూ, వీడేంటి మనిషిలా చూస్తున్నాడు? జిమ్మీగాడు ఎప్పుడన్నా ఇలా చూశాడా?" అంది నాన్నమ్మ.

మనవరాలు అప్పటికి గన్నవరం వెటర్నరీ కాలేజీలో చదువుతోంది. "మారింది తెర నాన్నమ్మా, కుక్క కన్ను కాదు. ఇందులో బొమ్మకీ బొమ్మకీ మధ్య చీకటి లేదు. వెనక లైటు వెలుగుతూనే ఉంటుంది. అందుకే వీడికి నిజంగా బొమ్మ కనబడుతోంది."

ఆ మాట వినాలని నేను ఇరవయ్యేళ్ళు ఎదురుచూశాను. జిమ్మీ మీద ఉన్న నింద ఆరోజు తొలగిపోయింది.

కుక్కలు తెర మీది కుక్కను కుక్కగా పోల్చుకుంటాయా అంటే, పోల్చుకుంటాయి. ఫ్రాన్సులో తొమ్మిది కుక్కలకు రకరకాల జాతుల కుక్కల ముఖాలూ ఇతర జంతువుల ముఖాలూ తెర మీద చూపిస్తే, కుక్క ముఖాలను వేరుచేసి చూపాయని 2013లో ప్రచురించారు. అమెరికాలో ఆబర్న్ విశ్వవిద్యాలయం వాళ్ళు 453 కుక్కల గురించి యజమానులను అడిగి 2025లో రాసిన సంగతులు మనవరాలు చదివి వినిపించింది. హుషారు కుక్కలు తెర మీద కదిలేవాటి వెంట పడతాయట. బెరుకు కుక్కలు కాలింగ్ బెల్ లాంటి చప్పుళ్ళకు స్పందిస్తాయట.

కుక్కల కోసమే 2012లో శాన్ డియేగోలో ఒక ఛానల్ కూడా మొదలైంది. ఊరెళ్ళేటప్పుడు టీవీ పెట్టి వెళ్తే కుక్కకి తోడుగా ఉంటుందనుకునేవాళ్ళు ఇక్కడా ఉన్నారు. టీవీగా పుట్టినదాన్ని, నా మాట నమ్మండి. మాలో ఎవరికీ వాసన లేదు. వాసన లేనిది వాటికి తోడు కాలేదు. వీధిచప్పుడు చెవిన పడకుండా కాస్త అడ్డుపడగలం, అంతే. దీపావళి నాడు టపాసుల దృశ్యాలు పెట్టి వదిలేస్తే ఆ పాటి మేలూ పోయి బయటి మోత ఇంట్లోకే వస్తుంది.

బంటికి సీరియళ్ళతో ఒక బాధ ఉండేది. అందులో బెల్ మోగినప్పుడల్లా గేటు దాకా పరుగు, ఎవరూ లేక వెనక్కి, మళ్ళీ మోగితే మళ్ళీ పరుగు. "వాడి ప్రాణం తీస్తున్నారే ఈ సీరియల్ వాళ్ళు" అని నాన్నమ్మ విసుక్కునేది. మనవరాలు మన గేటు బెల్ మార్చేసింది, డింగ్‌డాంగ్ తీసి పిట్టకూతది పెట్టించింది. మొదట్లో వాడు రెంటికీ లేచేవాడు. పిట్ట కూసినప్పుడే మనిషి వస్తున్నాడని మెల్లగా పట్టేశాడు. ఇప్పుడు సీరియల్లో అల్లుడొచ్చి ఎన్నిసార్లు బెల్ కొట్టినా బంటి తల ఎత్తడు. పాలవాడు నొక్కితే మాత్రం నాన్నమ్మ కన్నా ముందే గేటు దగ్గరుంటాడు.